ఐదు శ్రుతిలో పదిహేడో నంబరు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు. గుంటూరులో సమాధుల తోట గోడ పక్కనుంచే రోజూ వయొలిన్ పాఠానికి వెళ్లి వచ్చేవాణ్ణి. అక్కడ ఎవరైనా లేచి తిరుగుతూ ఉండి ఉంటే, నా మొదటి రెండేళ్ల సాధకం విని మళ్లీ వెళ్లి పడుకుని ఉంటారు. అమెరికా వచ్చాక నమ్మడానికి తీరిక కూడా లేకపోయింది. స్కూలు సంగీత విభాగంలో పనిచేసేవాడికి బతికున్నవాళ్లతోనే సరిపోతుంది.

ఇంకొకటి కూడా ముందే ఒప్పుకోవాలి. నేను కొంచెం పెంచి చెబుతాను. నా భార్య సుగుణ నర్సు, మందు చుక్క లెక్క తప్పని మనిషి. మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లకి చెప్పులు విప్పేలోపే చెప్పేస్తుంది, ఆయన చెప్పే అంకెల్ని మూడుతో భాగించుకోండి అని. ఇక్కడ కూడా అలాగే చదువుకోండి. ఎక్కడ భాగించకూడదో అక్కడ నేనే చెబుతాను.

ఇది ఎనభయ్యో దశకం మొదట్లో, ఇల్లినాయ్‌లోని అరోరాలో జరిగింది. సుగుణకి ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి ఇక్కడికి వచ్చింది. నేను ఆమె సామాన్లతో పాటు వచ్చాను. నాకున్న చదువల్లా గురువు గారి దగ్గర పదకొండేళ్లు నేర్చుకున్న కర్ణాటక వయొలిన్, చర్చిలో ఆదివారాలు పాశ్చాత్య నొటేషన్ చూసి కీర్తనలకి వాయించిన అనుభవం. ఈ రెండు పడవల మీదా కాళ్లు పెట్టుకుని దిగినవాణ్ణి మొదటి రెండేళ్లు గోడౌన్‌లో అట్టపెట్టెలు మడతపెట్టాను. ఎన్ని మడతపెట్టానంటే, వాటిని వరసగా పరిస్తే చికాగో దాకా నడిచి వెళ్లవచ్చు. భాగించుకున్నా దారిలో ఉన్న నేపర్‌విల్ దాకా వస్తుంది.

సుగుణకి రాత్రి డ్యూటీ. నేను పొద్దున ఆరింటికి ఇంట్లోంచి బయటపడితే ఆమె ఏడున్నరకి వచ్చి పడుకునేది. నేను ఇంటికి వచ్చేసరికి ఆమె నిద్రలో ఉండేది, నేను పడుకునేసరికి డ్యూటీలో ఉండేది. ఫ్రిజ్ తలుపు మీద చీటీలతో కాపురం చేశాం. ‘పప్పు కింద అరలో ఉంది.’ ‘కారుకి ఆయిల్ పోయించండి.’ ‘మీకు గడ్డం పెరిగిందా, తలగడ మీద వెంట్రుకలున్నాయి.’ నాకొక స్థిరమైన ఉద్యోగం వస్తే ఆమె పగటి డ్యూటీకి మారుతుంది, జీతం తగ్గినా ఫరవాలేదు అనుకున్నాం. ఈ కథంతా ఆ ఒక్క ముక్క మీద నిలబడి ఉంది. గుర్తుపెట్టుకోండి.

అప్పుడు ఒక స్కూల్లో వయొలిన్ క్లాసులకి సహాయకుడు కావాలన్నారు. ఒక ఏడాది చూస్తారు, నచ్చితే పర్మనెంట్ చేస్తారు. నన్ను తీసుకున్నారు. నా పేరు కృపానందం. ఆ పేరు పలకబోయి ప్రిన్సిపాల్ గారు మధ్యలో ఊపిరి అందక ఆగిపోయి, ఆ రోజు నుంచి నన్ను మిస్టర్ కే చేశారు.

పని చిన్నదేమీ కాదు. స్కూలుకి సొంతంగా ఇరవై రెండు వయొలిన్లు ఉండేవి. ఇది భాగించొద్దు, రిజిస్టర్‌లో ఉంది. ఏడున్నరకి మొదటి క్లాసు మొదలయ్యేలోపు అన్నింటినీ శ్రుతి చేయాలి, తెగిన తీగలు మార్చాలి, లోపల పిల్లలు దాచిన చూయింగ్ గమ్ గోకాలి. ఒక వయొలిన్ కడుపులోంచి సగం తిన్న సాండ్‌విచ్ తీశాను. దాని స్వరం ఆ తర్వాత పాడైంది.

మా విభాగం గురించి చెప్పాలంటే అదొక భారతం. బ్యాండుకీ, కోరస్‌కీ, మా వయొలిన్లకీ కలిపి ఒకటిన్నర గదులు. ఆ అర గది మాది. గోడకి అవతల పద్నాలుగు ట్రంపెట్లు ఒకేసారి మోగితే మా గదిలో సున్నం రాలి పిల్లల తలలు నెరిసేవి. పక్కనే బాయిలర్. ఆ గోడ మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. స్టాండ్లు ఎవరివి, కుర్చీలు ఎవరివి, శుక్రవారం స్టేజీ ఎవరిది అని టీచర్లు ముగ్గురూ రోజూ తగువులాడుకునేవాళ్లు. ఆ ఏడాది స్కూలు బోర్డు ఖర్చులు తగ్గిస్తానంటోంది. మూడింటిలో ఒకటి మూసేస్తారని వదంతి. ఏది మూస్తారో చెప్పడానికి జాతకం అక్కర్లేదు. ఫుట్‌బాల్ ఆటకి బ్యాండు కావాలి, ఆ మైదానంలో వయొలిన్ వినపడదు కదా.

మా టీచరు మిస్ హాల్వర్సన్ ఆరడుగుల రెండంగుళాల మనిషి. మూడుతో భాగిస్తే ఆమె ఊరుకోదు. ఇరవై ఆరేళ్లుగా అక్కడే పాఠాలు చెబుతోంది. మంచి మనిషి. ఆమె మంచితనమే చివరికి నా కొంప ముంచింది.

ఇక్కడ కొంచెం సంగీతం చెప్పాలి, భయపడకండి, నాలుగు తీగలే. ఇక్కడివాళ్లు వయొలిన్‌ని జీ, డీ, ఏ, ఈ అని నాలుగు వేరువేరు స్వరాలకి కడతారు. మనం అదే వయొలిన్‌ని స, ప, స, ప అని కట్టుకుంటాం. ఆ ‘స’ ఎక్కడ ఉండాలన్నది పాడేవాళ్ల గొంతుని బట్టి ఉంటుంది. మగ గొంతులకి ఒకటో రెండో శ్రుతి. ఆడ గొంతుకి ఐదు. నేను ఒంటరిగా వాయించుకునేటప్పుడు నా చెయ్యి రెండు శ్రుతికి పోతుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే, నిద్రమత్తులో, నా చేతులు వాటి అలవాటు ప్రకారం అవి పనిచేసుకుపోయాయి. ఇరవై రెండు వయొలిన్లనీ చక్కగా, ఎంతో ప్రేమగా, రెండు శ్రుతిలో స-ప-స-పకి కట్టేశాను. తీగలన్నీ వదులుగా వేలాడుతున్నాయి. మిస్ హాల్వర్సన్ లయ చూపే కర్ర ఎత్తింది. పిల్లలు స్కేలు మొదలుపెట్టారు. ఈనుతున్న గేదెలు ఇరవై రెండు ఒకే దొడ్లో ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది. గోడ అవతల ట్రంపెట్లు సిగ్గుపడి ఆగిపోయాయి.

ఆమె కోప్పడలేదు. క్లాసయ్యాక నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది.

“మిస్టర్ కే, అది మీ ఊళ్లో అందంగానే ఉంటుంది. ఈ పిల్లలకి మాత్రం ఒక ఊరు నేర్పడానికే నా ప్రాణం పోతోంది.”

అయితే విషయం ప్రిన్సిపాల్ గారి దాకా వెళ్లింది. నా ఫైల్లో ఒక కాగితం పడింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా నేను ఆ పొరపాటు చేయలేదు. ఆ మాట ఎవరూ నమ్మరు, అదే నా బాధ.

నవంబరు చివర థ్యాంక్స్‌గివింగ్ సెలవులు అయిన సోమవారం పదిహేడో నంబరు వయొలిన్ మొదలుపెట్టింది.

వయొలిన్లన్నీ మా గది మూలన ఇనుప జాలీ బీరువాలో ఉండేవి. దానికి తాళం. తాళం చెవి ఒకటి నా దగ్గర, ఒకటి మిస్ హాల్వర్సన్ దగ్గర, ఒకటి ఎర్ల్ దగ్గర. ఎర్ల్ స్కూలుని శుభ్రం చేసి తాళాలు చూసుకునే ముసలాయన. ఆ పొద్దున పదిహేడు తెరిచి కమానుతో గీస్తే కింది రెండు తీగలూ సరిగ్గానే ఉన్నాయి, పై రెండూ ఒక్కొక్క మెట్టు దిగి ఉన్నాయి. జీ, డీ, జీ, డీ. అంటే స, ప, స, ప. ఐదు శ్రుతి.

చలికాలం కదా, తీగలు బిగించే బిరడాలు జారి ఉంటాయి అనుకుని సరిచేశాను. బుధవారం మళ్లీ అంతే. మళ్లీ సరిచేశాను. శుక్రవారం నేను ఏడింటికి సరిచేసి తాళం వేస్తే, తొమ్మిదింటి క్లాసులో పదిహేడు వాయించే అమ్మాయి చెయ్యెత్తింది. ఆ క్లాసులో జెనిఫర్లు ఆరుగురు, ఈ అమ్మాయి నాలుగో జెనిఫర్.

“మిస్టర్ కే, ఇది మళ్లీ మీది అయిపోయింది” అంది.

క్లాసంతా నవ్వింది. మిస్ హాల్వర్సన్ నవ్వలేదు. ఒక చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంది.

ఇక్కడి నుంచి చెప్పేది భాగించొద్దు. థ్యాంక్స్‌గివింగ్ నుంచి ఏప్రిల్ దాకా ఇరవై మూడు సార్లు. నా డైరీలో ఉంది. ప్రతిసారీ అదే వయొలిన్, అవే రెండు తీగలు, అదే ఐదు శ్రుతి. బ్యాండు వాళ్ల దగ్గర స్వరం కొలిచే యంత్రం ఒకటి ఉండేది. స్వరం తప్పితే అందులో చక్రంలోని గీతలు పరిగెడతాయి, సరిగ్గా ఉంటే నిలబడిపోతాయి. పదిహేడుని దాని ముందు నాలుగుసార్లు మీటి చూశాను. గీతలు గోడకి కొట్టిన మేకుల్లా నిలబడ్డాయి. బిరడా దానంతట అది జారితే ఎక్కడో అక్కడ ఆగుతుంది. అంత నికరంగా మెట్టు మీదే దిగదు.

అరోరా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలం కొందరం ఆదివారం మధ్యాహ్నాలు ఒక చర్చి కింది గదిలో కూడేవాళ్లం. ప్రార్థనయ్యాక పులిహోర తింటూ అక్కడ చెప్పాను. మాలో ఇంజనీరు ఒకాయన ప్లేటు కింద పెట్టకుండానే తేల్చేశాడు.

“హ్యుమిడిటీ బ్రదర్. వుడ్ కాంట్రాక్ట్ అవుద్ది, సింపుల్ ఫిజిక్స్. ఎందుకంత వర్రీ అవుతారు?”

మిగతా ఇరవై ఒక్క వయొలిన్లకి ఫిజిక్స్ ఎందుకు వర్తించట్లేదని అడిగితే ఇంకాస్త పులిహోర వేసుకున్నాడు. పాస్టరు గారు మాత్రం వయొలిన్‌ని ఒకసారి తీసుకురండి ప్రార్థన చేద్దాం అన్నారు. స్కూలు సొత్తు అండీ, సంతకం పెట్టి తీసుకోవాలి, కారణం అనే గడిలో ఏం రాయను అన్నాను.

నిజానికి ఒకసారి తీసుకొచ్చాను. క్రిస్మస్ సెలవులు రెండు వారాలూ పదిహేడు మా ఇంట్లోనే ఉంది. కొత్త తీగలు వేశాను, బిరడాలకి సుద్ద రాశాను. రోజుకి మూడుసార్లు చూశాను. సుగుణ కూడా డ్యూటీకి వెళ్లేముందు పేషెంటు నాడి చూసినట్టు చూసి వెళ్లేది. వెంట్రుకవాసి కదల్లేదు. జనవరిలో స్కూల్లో పెట్టిన మర్నాడు పొద్దున ఐదు శ్రుతి.

ఆ వయొలిన్‌కి ఏదైనా కథ ఉంటుందేమోనని కూడా వెతికాను. దాన్ని వాయిస్తూ ఎవరైనా పోయారా, ఎవరి ప్రాణమైనా అందులో ఉండిపోయిందా. పాత రిజిస్టర్లు తిరగేశాను. కేటలాగ్‌లోంచి డజను కొంటే అందులో ఒకటి, అంతే. ఫ్యాక్టరీ సరుకు. ఒక్క చావు కూడా దొరకలేదు. ఇంత శ్రమపెట్టే దయ్యానికి కనీసం ఒక బయోడేటా ఉండాలి కదా.

అన్నింటికంటే నన్ను వేధించింది ఇంకో సంగతి. అందరూ ఇది నా అలవాటు అంటున్నారు. నా అలవాటు రెండు శ్రుతి. మొదటి వారం నేను చేసిన తప్పు కూడా రెండు శ్రుతిలోనే చేశాను. ఇది ఐదు. నేను నిద్రలో నడిచి వెళ్లి కట్టినా ఐదుకి కట్టను. ఈ తేడా తెలిసిన మనిషి చుట్టుపక్కల యాభై మైళ్లలో నేనొక్కణ్ణే. నా నిర్దోషిత్వానికి సాక్ష్యం ఉంది, అది అర్థమయ్యే జడ్జీ లేడు.

ఒక ఆదివారం సుగుణకి సెలవు. వంటింట్లో కూర్చుని ఇదంతా చెప్పాను. కచేరీ మర్యాద కూడా చెప్పాను. పాడేవాళ్ల పక్కన వయొలిన్ వాయించేవాడు ముందుగా వచ్చి, వాళ్ల శ్రుతికి తన వయొలిన్ తనే కట్టుకుని, సిద్ధంగా కూర్చోవాలి. గాయకులు వచ్చి వయొలిన్‌ని ముట్టుకోరు. వాళ్లే కట్టి పెట్టారంటే, నువ్వు ఆలస్యంగా వచ్చావు, కానీ ఎదురుచూస్తున్నాం అని అర్థం. మా గురువు గారి దగ్గర నాకు ఒక్కసారి అలా జరిగింది, రెండు నెలలు తలెత్తుకోలేదు.

సుగుణ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. చివరి కాయ ఒలిచి అడిగింది.

“ఐదు శ్రుతంటే ఆడ గొంతుకన్నారుగా. అయితే పాడేదెవరండీ?”

నేను దాని గురించి అంతవరకు ఆలోచించలేదు. ఆ తర్వాత మానలేకపోయాను.

ఫిబ్రవరిలో ఒకరోజు మంచు పడి స్కూలు రెండు గంటలు ఆలస్యంగా తెరుస్తామన్నారు. ఆ సంగతి రేడియోలో చెప్పారట. నేను వినలేదు. మోకాలి లోతు మంచులో ఈదుకుంటూ వెళ్లేసరికి బిల్డింగులో నేనూ, ఎక్కడో కింద ఎర్లూ, అంతే. కిటికీలోంచి బ్రహ్మాండమైన ఎండ. పదిహేడు తెరిస్తే ఐదు శ్రుతిలో ఉంది. విసుగొచ్చి సరిచేయలేదు. కోటు విప్పి కింద పరుచుకుని, నేల మీద మఠం వేసుకుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించుకుని మన పద్ధతిలో కూర్చున్నాను. రెండున్నరేళ్లలో అలా కూర్చోవడం అదే మొదటిసారి. కచేరీ మొదట్లో వాయించే వర్ణం ఒకటి ఎత్తుకున్నాను.

నాకు ఏమీ వినిపించలేదు. అది స్పష్టంగా చెబుతున్నాను, తర్వాత ఎవరూ కలిపి చెప్పుకోకండి. ఏ గొంతూ లేదు. కానీ పల్లవి రెండో ఆవృత్తంలో నా కమాను ఆగింది. పాడేవాళ్లు ఊపిరి తీసుకునేచోట పక్కవాద్యం ఒక క్షణం ఆగుతుంది, అలా ఆగింది. మళ్లీ అందుకుంది. మళ్లీ ఇంకోచోట ఆగింది. ఒంటరిగా వాయించేవాడు అక్కడ ఆగడు, అవసరం లేదు. నేను ఆపలేదు. పదకొండేళ్ల శిక్షణలో చెయ్యి దేన్ని అనుసరించడం నేర్చుకుందో దాన్ని అనుసరించింది. వర్ణం పూర్తి చేసి, పదిహేడుని జీ, డీ, ఏ, ఈకి మార్చి పెట్టేసి, వెళ్లి కెఫెటేరియాలో వేడినీళ్లు తాగాను. చలి అనుకోండి, నేనూ అలాగే అనుకున్నాను.

దీన్ని నిరూపించి తీరాలనిపించింది. ఎర్ల్‌ని బతిమాలాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన చూస్తుండగా పదిహేడుకున్న తీగలు నాలుగూ బాగా వదిలేశాను. తీగల్ని మోసే చెక్క గుర్రం పడిపోకుండా నిలబడేంత బిగువు మాత్రం ఉంచాను. మీటితే స్వరం లేదు, బట్టలారేసే తాడు మీటినట్టుంది. బిరడాల మీద పెన్సిల్‌తో గీతలు పెట్టాను. పెట్టెకి తాళం, జాలీకి తాళం, దాని మీద ఎర్ల్ కాగితం అంటించి సంతకం చేశాడు. ఆ వారాంతం నా తాళం చెవి కూడా ఆయన జేబులోనే ఉంది. మిస్ హాల్వర్సన్ పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లింది.

సోమవారం ఆరున్నరకి ఇద్దరం వెళ్లాం. కాగితం అలాగే ఉంది, సంతకం చెక్కుచెదరలేదు. ఎర్ల్ తనే తాళాలు తీశాడు. నేను వయొలిన్ ఎత్తి మీటాను. జీ, డీ, జీ, డీ. బిరడాల మీద నా గీతలు నాలుగూ నాలుగు దిక్కులకి తిరిగి ఉన్నాయి.

జారే బిరడా కిందికి జారుతుంది. చలికీ వేడికీ తీగ అంతో ఇంతో అటూఇటూ అవుతుంది. కానీ వదిలేసిన తీగ బిగుసుకోవాలంటే బిరడాని ఒకరు పట్టుకుని తిప్పాలి. మా ఇంజనీరు బ్రదర్‌కి ఈ మాట చెబితే ఆయన వాతావరణం గురించి మాట్లాడాడు.

ఎర్ల్ ఆ నాలుగు తీగల వంకా, తన సంతకం వంకా చూశాడు. నా తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

“మిస్టర్ కే, నాకు రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. ఇవాళ ఆరున్నరకి నేను కెఫెటేరియాలో ఉన్నాను. మీరు నన్ను చూడలేదు.”

ఆ కాగితాన్ని మడిచి తన జేబులోనే పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను గదిలో ఉంటే ఊడ్చడానికి కూడా వచ్చేవాడు కాదు. మా గది చెత్తంతా ఆ వసంతకాలం నేనే ఊడ్చుకున్నాను.

ఏప్రిల్‌లో స్కూలు బోర్డు వాళ్ల ముందు మధ్యాహ్నం ఒకటిన్నరకి కచేరీ పెట్టారు. మా విభాగం ఉండాలా పోవాలా, నా ఉద్యోగం పర్మనెంటా కాదా, అన్నీ ఆ తర్వాతే తేలతాయి. నాలుగో జెనిఫర్‌కి మధ్యలో ఎనిమిది ఆవృత్తాల సోలో. ఇంకో వయొలిన్ ఇద్దామంటే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు, తన చేతికి ఇదే అలవాటంది. ఒంటిగంటకి పదిహేడుని నేను సరిచేశాను. యంత్రం ముందు పెట్టి చూశాను. మిస్ హాల్వర్సన్ కూడా మీటి చూసి తల ఊపింది. పెట్టెలో పెట్టి, ఆ పెట్టె మీద నేనే కూర్చున్నాను. జెనిఫర్ స్టేజీ ఎక్కేదాకా లేవలేదు.

సోలో వచ్చింది. ఆ అమ్మాయి పై తీగ మీద కమాను వేసింది. ‘ఈ’ రావలసినచోట ‘డీ’ వచ్చింది. ఆగిపోయింది. వాయించడం మానేసి, తెర పక్కన నిలబడ్డ నా వైపు తల తిప్పి చూసింది. ఆమెతో పాటు ఆర్కెస్ట్రా మొత్తం తిరిగి నా వైపు చూసింది. మిస్ హాల్వర్సన్ తిరగలేదు. కర్ర ఊపుతూనే ఉంది, మెడ మాత్రం ఎర్రబడింది.

బోర్డు వాళ్లకి ఏమీ తెలియలేదు. వాళ్లలో ఒకాయన అప్పటికే గుర్రుపెడుతున్నాడు, అది కూడా దాదాపు ఐదు శ్రుతిలోనే. మా విభాగం నిలబడింది. నా సంగతే తేలాలి.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆయన అంతకుముందు ఫుట్‌బాల్ కోచ్. మనిషి చెడ్డవాడు కాదు. మిస్ హాల్వర్సన్ నోట్‌బుక్ ఆయన ముందు ఉంది. నేను వదిలేసిన తీగల పరీక్ష చెప్పాను. ఎర్ల్‌ని పిలిచి అడిగారు. తనకేమీ గుర్తులేదన్నాడు, నేల వైపు చూస్తూ. ఒంటిగంటకి మీరూ చూశారు కదా అని మిస్ హాల్వర్సన్‌ని అడిగాను. ఆ తర్వాత వయొలిన్ అరగంట సేపు మీ దగ్గరే ఉంది కదా అంది, చాలా మెల్లగా. నేను పెట్టె మీద కూర్చోవడం కూడా నా మీద సాక్ష్యమే అయింది. రెండు శ్రుతికీ ఐదు శ్రుతికీ తేడా చెప్పాను. ప్రిన్సిపాల్ గారు ఓపిగ్గా విని, రెండో నంబరు వయొలిన్‌లో కూడా ఏదైనా ఇబ్బంది ఉందా అని అడిగారు.

మిస్ హాల్వర్సన్ నా కోసం పోరాడి ఒక దారి తెచ్చింది. ఒక కాగితం టైపు చేయించింది. పూర్వపు అలవాటు వల్ల తెలియకుండా నేనే ఆ వయొలిన్‌ని మారుస్తూ వచ్చాను, ఇకపై జరగదు అని అందులో ఉంది. సంతకం పెడితే పర్మనెంట్. లేకపోతే జూన్‌తో సెలవు. నేనేమైనా తప్పు చేశానని రాయలేదు చూడండి, అలవాటు అని రాశాం అని నాకు ధైర్యం చెప్పింది. ఆమె అంత దయగా అడ్డుకట్ట వేయకపోతే నేను ఎలాగో పోట్లాడి ఉండేవాణ్ణి.

ఇంటికి వచ్చేసరికి సుగుణ నిద్రపోతోంది. ఫ్రిజ్ మీద చీటీలో రెండువైపులా రాశాను. నేను చేయలేదు, చేశానని సంతకం పెట్టమంటున్నారు, పెడితే ఉద్యోగం, నువ్వే చెప్పు అని. పొద్దున లేచేసరికి ఆమె డ్యూటీకి వెళ్తూ కింద ఒక వాక్యం రాసి పెట్టి ఉంది.

‘పెట్టెయ్యండి. మిమ్మల్ని పగటిపూట సరిగ్గా చూసి మూడేళ్లు కావస్తోంది.’

తన అంకెలు భాగించనక్కర్లేదు.

పెట్టేశాను. ప్రిన్సిపాల్ గారు చెయ్యి కలిపారు. మిస్ హాల్వర్సన్ ఇంట్లో చేసిన బిస్కెట్లు తెచ్చింది.

మర్నాడు పొద్దున నేను జాలీ తెరిచి పదిహేడు మీటాను. జీ, డీ, ఏ, ఈ. కచేరీ అయినప్పటి నుంచి దాన్ని నేను సరిచేయలేదు. కచేరీలో దిగిపోయిన తీగలతోనే అలాగే పెట్టేశాను, ఎవరి మీద అలిగానో నాకే తెలియదు. ఇప్పుడు నాలుగు తీగలూ పుస్తకంలో రాసినట్టున్నాయి. యంత్రం ముందు పెడితే గీతలు నిలబడ్డాయి.

ఆ రోజు నుంచి ఈ రోజు వరకు తనంతట తాను అది మళ్లీ ఐదు శ్రుతికి పోలేదు.

నేను ఒప్పుకున్నాను, అది మానేసింది. నా మీద ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏ కోర్టులోనైనా ఉంటుందా? మిస్ హాల్వర్సన్ నోట్‌బుక్ మూసేసింది. చూశారా, మన మీద మనకి కొంచెం శ్రద్ధ ఉంటే చాలు అంది. ఆమె రిటైరయ్యే రోజు వీడ్కోలు ప్రసంగంలో కూడా ఆ కథ ఎంతో ప్రేమగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సుగుణ ఆ సెప్టెంబరులో పగటి డ్యూటీకి మారింది. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరం ఒకే బల్ల దగ్గర భోంచేస్తాం, దేనికైనా తగువులాడుకుంటాం. ఆ సంతకం గురించి చింతిస్తున్నానని నేను అనలేను.

కానీ ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఆ తర్వాతి ఏడాది ఒక శుక్రవారం, అందరూ వెళ్లిపోయాక, నేనే పదిహేడుని ఐదు శ్రుతికి కట్టాను. జాగ్రత్తగా, కచేరీకి ముందు కట్టినట్టు. కోటు పరుచుకుని, పాడేవాళ్లకి చోటు వదిలి పక్కన కూర్చున్నాను. వర్ణం ఎత్తుకున్నాను. ఎక్కడా కమాను ఆగలేదు. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపున, ఒంటరిగా వాయించేవాడు వాయించినట్టు వాయించాను. అలాగే ఐదులోనే ఉంచి, తాళం వేసి ఇంటికి వెళ్లాను. సోమవారం తెరిచేసరికి జీ, డీ, ఏ, ఈ.

మిస్ హాల్వర్సన్ ఆ వారాంతం కూడా విస్కాన్సిన్‌లోనే ఉంది. ఎర్ల్ అప్పటికి రిటైరయ్యాడు.

ఇప్పటికీ పొద్దున మొదట ఆ పెట్టె మూతే తీస్తాను. ఈ అనుభవంలో గేదెల్నీ, సున్నాన్నీ, అట్టపెట్టెల్నీ మీ ఇష్టం వచ్చినట్టు మూడుతో భాగించుకోండి, సుగుణ మాట నిలబెట్టండి. పదిహేడుని భాగిస్తే మాత్రం కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలేది ఏమిటో ఇన్నేళ్లయినా నాకు లెక్క తేలలేదు.